మారుమూల అని రాసిన అమ్మాయికి

అమలాపురం,
శ్రావణ బహుళ పంచమి.

చిరంజీవికి ఆశీస్సులు.

నీవు పంపిన రాతప్రతి పది రోజుల క్రితమే చేరింది. జవాబు ఆలస్యం కావడానికి నా కంటి శుక్లాలు కొంత కారణమైతే, నీ మొదటి వాక్యం మిగిలిన కారణం. "నాగరికతకు దూరంగా, గోదావరి పాయల నడుమ, కాలం మరిచిపోయిన మారుమూల లంక మా ఊరు" అని మొదలుపెట్టావు. ఆ లంకలోనే పుట్టి, పదో తరగతి దాకా పడవ మీద బడికి వెళ్ళి, ఇప్పుడు కాకినాడలో ఉద్యోగం చేసుకుంటున్న నీవు, సొంత ఊరి గురించి రాయడానికి కూర్చోగానే కాకినాడలో పుట్టి పెరిగిన మనిషివైపోయావు. మీ నాయనమ్మ ఏనాడైనా "మన మారుమూల ఊరు" అని ఉంటుందా? ఆమె లెక్కలో మీ ఊరు మధ్యన ఉంటుంది. అమలాపురమే ఏటికి ఆవల, పడవ దిగి ఆటో ఎక్కి వెళ్ళవలసిన దూరాన ఉంటుంది. మారుమూల అన్న మాట రాసిన వెంటనే ఎక్కడ నిలబడి కొలుస్తున్నావో చెప్పినట్లే అవుతుంది. నీవు చెప్పదలచుకోకుండానే చెప్పేశావు. నేను చెప్పవలసినదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది కనుక ఉత్తరం పొడవైతే ఓర్చుకో.

ముందు మాటల సంగతి చూద్దాం. పుస్తకమంతటా "ద్వీపం" అని రాశావు. రెండు వైపుల నీరు కలది అని ఆ పదానికి వ్యుత్పత్తి చెబుతారు. నాలుగు దిక్కులా ఉప్పునీరున్న సముద్రదీవి కంటే, ఎగువ నుంచి వచ్చిన ఏరు రెండుగా చీలి ఇరుపక్కలా పారిపోగా నడుమ మిగిలిన నేలకే ఆ అర్థం బాగా అతుకుతుంది. కాబట్టి తప్పు రాశావని అనను. అయితే మన డెల్టాలో ఎవరూ ద్వీపంలో కాపురం ఉండరు. లంకలో ఉంటారు, తిప్ప మీద ఉంటారు, దిబ్బ మీద ఉంటారు. నా ఎరుకలో ఇవి ఒకే అర్థమున్న మాటలు కావు. ఒండ్రు పట్టి, అరటికీ కందకూ పొగాకుకూ పనికివచ్చినది లంక. సముద్రం మొగకు దగ్గరగా ఇసుక పోగుపడి మెరకైనది తిప్ప. యెదుర్లంక అన్న పేరులోనూ, బలుసుతిప్ప అన్న పేరులోనూ ఆ నేల ఎలా పుట్టిందో కొంత దాగి ఉంది. నీ పాఠకులు హైదరాబాదులోనూ, విజయవాడలోనూ ఉంటారని భయపడి ఈ మాటలను పక్కన పెట్టకు. రెండు పుటలు చదివేసరికి వారికి అవే అలవాటవుతాయి.

మారుమూలతనం నేలకు పుట్టుకతో వచ్చే గుణం కాదనడానికి మన కళ్ళెదుట కోరంగి ఉంది. ఇవాళ కోరంగి అంటే మడ అడవులు, చెక్క వంతెన మీద నడిచే సందర్శకులు, 1978లో ఏర్పడిన అభయారణ్యం గుర్తుకు వస్తాయి. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో అదే ఊరు ఓడలు కట్టే రేవు. అక్కడి నుంచి బంగాళాఖాతం దాటి బర్మా వెళ్ళినవారు ఎంతమందంటే, ఏ జిల్లా నుంచి వెళ్ళిన తెలుగువాణ్ణయినా బర్మాలో "కోరంగీ" అనే పిలిచేవారు. 1789లో ఒకసారి, 1839లో మరొకసారి ఉప్పెన ముంచెత్తింది. గోదావరి తెచ్చిన ఒండ్రుతో పాయ పూడుతూ వచ్చింది. ఓడలు రావడం మానేశాయి. ఒక దేశపు జనం నోట మన జాతి మొత్తానికే పేరుగా నిలిచిన ఊరు, ఓడ రావడం మానగానే మారుమూల అయింది. మీ లంక విషయంలోనూ ఇదే జరిగి ఉండవచ్చు. రోడ్లూ వంతెనలూ రాకముందు, సరుకంతా కాలువల మీదా పాయల మీదా పడవల్లో నడిచిన కాలంలో, ఏటి మధ్యన ఉండటమంటే దారి మధ్యన ఉండటమే కదా! మీ ఊరికి దూరం ఎప్పటి నుంచి మొదలైందో వెతుకు. అది నీ పుస్తకంలో ఒక అధ్యాయం.

మారుమూల దీవుల మీద వచ్చిన పుస్తకాలు ఏవి చదవాలని అడిగావు. నా దగ్గర అలమారలో రెండు వరుసలున్నాయి. అన్నీ చదవనక్కర్లేదు. రెండు దీవుల పుస్తకాలను పక్కపక్కన పెట్టుకుని చదివితే చాలు.

మొదటిది సెయింట్ కిల్డా. స్కాట్లాండుకు పడమట అట్లాంటిక్ సముద్రంలో, సాటి దీవులకు కూడా అరవై కిలోమీటర్లకు పైగా ఆవల ఉన్న కొండల గుంపు. అందులో హిర్టా అనే దీవిలో మాత్రమే జనం ఉండేవారు. కొండచరియల మీద తాళ్ళతో వేలాడుతూ గానెట్, ఫుల్మార్, పఫిన్ అనే సముద్రపక్షులను పట్టి, వాటి మాంసం తిని, ఈకలు శిస్తుగా కట్టి బతికారు. 1697లో మార్టిన్ మార్టిన్ అనే ఆయన అక్కడికి వెళ్ళి మరుసటి ఏడాదే పుస్తకం వేశాడు. ఆయనది స్కై దీవి, దీవివాసుల గేలిక్ భాష ఆయనకూ తల్లిభాషే. ఆ పుస్తకంలో మనుషులు మాట్లాడతారు. తరువాత ఆవిరి ఓడలు నడిచిన కాలంలో వచ్చినవారు వేసవిలో ఒక పూటో రెండు పూటలో ఉండి, బొమ్మలు తీసుకుని, పక్షి గుడ్లూ ఉన్నిబట్టా కొనుక్కుని, తిరిగి వెళ్ళి పుస్తకాలు రాశారు. వాటిలో మనుషులు కనబడతారు తప్ప మాట్లాడరు. నీ రాతప్రతిలో ముప్ఫైయో పుట దాటేవరకు మీ ఊరివాళ్ళు ఎవరూ నోరు విప్పలేదన్న సంగతి గమనించావా?

ఆ దీవి చరిత్రలో ఒక సంఘటనను మాత్రం నీకు చెప్పి తీరాలి. 1727 ఆగస్టులో ముగ్గురు పెద్దవాళ్ళనూ ఎనిమిదిమంది పిల్లలనూ పక్షుల వేటకని స్టాక్ ఆన్ ఆర్మిన్ అనే రాతి శిఖరం మీద దింపి పడవ తిరిగి వెళ్ళింది. కొద్ది రోజుల్లో వచ్చి తీసుకువెళ్ళాలి. పడవ రాలేదు. హిర్టాలో మశూచి సోకి జనం చాలావరకు తుడిచిపెట్టుకుపోయారు. పడవ ఉంది, సముద్రం ఉంది, తెడ్లు వేయడానికి చేతులు చాలలేదు. ఆ పదకొండుమంది చలికాలమంతా ఆ రాతి మీదే పక్షులనూ చేపలనూ తిని బతికి, మరుసటి మే నెలలో శిస్తు వసూలుకు వచ్చిన పడవ కంటబడి ఊరు చేరారు. శిఖరానికీ ఊరికీ మధ్య ఉన్న ఆరేడు కిలోమీటర్లు ఆ తొమ్మిది నెలల పాటు దాటరానివయ్యాయి. దీవి దూరాన్ని కిలోమీటర్లలో కొలిచే రచయిత ఈ సంఘటనను వింతగా చెప్పి వదిలేస్తాడు. చేతుల లెక్కన కొలిచేవాడికి మాత్రం దీవి చరిత్రంతా ఇక్కడ దొరుకుతుంది. రెండు వందల ఏళ్ళ తరువాత ఆ దీవి ఖాళీ కావడానికి కూడా ముఖ్యకారణాల్లో ఒకటి అదే: వయసు కుర్రవాళ్ళు వెళ్ళిపోగా పడవకూ తాడుకూ మనుషులు చాలకపోవడం. 1930 ఆగస్టు 29న మిగిలిన 36 మంది తమ కోరిక మీదనే ఓడ ఎక్కారు.

అందుకే నీ పుస్తకం రేవు దగ్గర మొదలవ్వాలంటున్నాను. రేవును నీవు ఒక్క పేరాలో, సూర్యాస్తమయంతో సహా ముగించేశావు. సూర్యుణ్ణి తీసేసి మళ్ళీ చూడు. ఏటిగట్టు దిగాక మెట్లెన్ని? వేసవిలో నీరు వెనక్కి పోయినప్పుడు ఇసుకలో ఎంత దూరం నడవాలి? ఆ ఇసుకలో మోటారుసైకిలు దిగబడకుండా కొబ్బరి మట్టలు పరిచేదెవరు, అందుకు వాళ్ళకు ఏం ముడుతుంది? పంటు మీద ముందు ఎక్కేది మనుషులా, అరటి గెలలా, పాల క్యానులా? ఏరు వరద పోటు మీద ఉన్నప్పుడు సరంగు పడవను తిన్నగా నడపకుండా ఎగువకు కొంత దూరం తీసుకువెళ్ళి అక్కడి నుంచి ఎందుకు వదులుతాడు? కిందటి సంవత్సరం ఒక రేవులో గెడవేసే పెద్దాయన పక్కన కూర్చున్నాను. గెడ నీట ముంచి, పైకి తీసి, తడి ఎంతవరకు వచ్చిందో చూడకుండానే, అరచేతికి తగిలిన బరువును బట్టి "ఇక్కడ నిన్న మేట లేదండి" అన్నాడు. రాత్రికి రాత్రి ఏరు అక్కడ ఇసుక దించి వెళ్ళింది. ఆ సంగతి ఆయన చేతికి తెలిసింది, నా కంటికి తెలియలేదు. అటువంటిది ఒక్కటి దొరికితే నీ సూర్యాస్తమయాలు ఏడూ నీవే కొట్టివేస్తావు. ఏడని ఊరికే అనలేదు, లెక్కపెట్టాను.

సెయింట్ కిల్డా వాళ్ళు ఊరు వదిలే ఉదయం కొందరు ఇంట్లో బైబిలు తెరిచి ఉంచి, పక్కన గుప్పెడు ఓట్స్ గింజలు పోసి, తలుపు వేసి వచ్చారని దాదాపు ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. మనసును తడిపే దృశ్యం. అదే సమయంలో వాళ్ళు తమ కుక్కలను దాదాపు అన్నింటినీ మెడకు రాళ్ళు కట్టి రేవులో ముంచారు. వాటిని ఓడ ఎక్కించలేదు. బైబిలును మొదటి పుటలో పెట్టిన రచయితల్లో కొందరు కుక్కలను ఒక్క వాక్యంలో దాటవేశారు, మరికొందరు ఆ వాక్యం కూడా రాయలేదు. నీవు 1986 వరద గురించి రాసిన అధ్యాయంలో రాములవారి గుడి గోపురం మాత్రమే నీటిపైన కనిపించిన దృశ్యం ఉంది. బాగుంది. పశువుల సంగతి లేదు. పలుపులు ఎవరు కోశారు, ఎవరు కోయలేకపోయారు, తరువాత వారం రోజులు గాలి ఎలా ఉండేది? మీ పెద్దవాళ్ళు ఆ మాట ఎత్తగానే మాట మారుస్తారు. మార్చనివ్వు, బలవంతం చేయకు. మూడోసారి వెళ్ళినప్పుడు వాళ్ళే చెబుతారు.

ఇక రెండవ దీవి. ఐర్లండు నైరుతి కొసన గ్రేట్ బ్లాస్కెట్ అని ఒకటుంది. రెండు వందలమంది జనం కూడా ఎన్నడూ లేని ఆ చిన్న దీవి నుంచి, కొన్నేళ్ళ వ్యవధిలో, దీవివాసులే తమ ఐరిష్ భాషలో చెప్పుకున్న మూడు ఆత్మకథలు వచ్చాయి. 1929లో తొమాస్ ఓ క్రోహన్ అనే జాలరి తన జీవితం రాశాడు. అంతకుముందు ఆ దీవికి వచ్చిన ఒక సందర్శకుడు ఆయనకు గోర్కీ రచనలూ, జాలరుల మీద పియర్ లోటీ రాసిన నవలా చదివి వినిపించాడు. తనలాంటి వాళ్ళ బతుకులు కూడా పుస్తకాలవుతాయని ఆ జాలరికి అప్పుడు నమ్మకం కుదిరింది. గోర్కీని మన తెలుగువాళ్ళు కూడా ఇంటి మనిషిలాగే చదువుకున్నారు కనుక ఈ సంగతి నాకు ప్రత్యేకంగా ఇష్టం. 1933లో మారిస్ ఓ సల్లివన్ అనే యువకుడిది, 1936లో పెగ్ సేయర్స్ అనే ముసలావిడది వచ్చాయి. పెగ్ రాయలేదు. చెబుతూ ఉంటే కొడుకు రాశాడు.

పెగ్ సేయర్స్ ఆ దీవిలో పుట్టిన మనిషి కాదు. ఎదుటి ఒడ్డు నుంచి కోడలిగా వచ్చింది. దీవిలో పుట్టినవాడికి దీవి గాలి వంటిది, కనబడదు. బయటి నుంచి వచ్చి వెళ్ళిపోయేవాడికి గాలి తప్ప మరొకటి కనబడదు. కోడలిగా వచ్చి, ఏడ్చి, అలవాటుపడి, పిల్లలను కని, పోగొట్టుకుని, అక్కడే ముసలిదైన మనిషికి రెండూ తెలుసు. నీ రాతప్రతిలో మీ నాన్నగారు ఉన్నారు, తాతగారు ఉన్నారు, పడవల పందేలు ఉన్నాయి. మీ అమ్మగారు మాత్రం చేపల పులుసు దగ్గర ఒక్కసారి కనిపించి మాయమయ్యారు. ఆమె ఏటి ఈవలి ఒడ్డు ఆడపడుచు అని నీవే ఒకసారి చెప్పావు. లంకకు పిల్లనివ్వడానికి వెనకాడే ఇళ్ళు ఇవాళ్టికీ ఉన్నాయని మనకు తెలుసు. ఆ రోజుల్లో ఆమెను ఎలా ఇచ్చారు? పెళ్ళి పడవలో మొదటిసారి ఏరు దాటినప్పుడు ఏం చూసింది? పురుడుకు పుట్టింటికి వెళ్ళవలసి వచ్చినప్పుడు ఏరు ఎలా ఉంది? నీవు పుట్టింది ఆగస్టులోనని గుర్తు. అంటే వరద నెలలో. ఆ ప్రయాణం నీ పుస్తకంలో లేకపోవడం నాకు అర్థం కాలేదు.

చరిత్ర దగ్గరికి వస్తే, నేను చేసిన తప్పొకటి చెప్పుకోవాలి. నా మొదటి పుస్తకంలో ఒక లంకలోని కుటుంబం తాటాకు కప్పు మీద రెండు రాత్రులు గడిపిన కథను 1986 వరదలో జరిగినట్టు రాశాను. చెప్పిన పెద్దమనిషి సంవత్సరం చెప్పలేదు, నేను అడగలేదు. పెద్ద వరద అన్నాడు, పెద్ద వరద అంటే ఎనభైయారే అనుకున్నాను. పుస్తకం అచ్చయ్యాక ఆ ఊరికి ఒక ప్రతి పట్టుకుని వెళితే, ఆ ఇంటి పెద్దావిడ మనవడి చేత చదివించుకుని విని, "అది యాభైమూడు వరదండీ బాబూ. ఎనభైయారులో మేం ముందే గట్టెక్కేశాం, ఇల్లే చూళ్ళేదు. యాభైమూడులో మా పెద్దదాన్ని చంకనేసుకుని కప్పెక్కాను. దానికప్పుడు తొమ్మిదో నెల, ఆయ్" అన్నది. తరువాత నన్ను అరుగు మీదికి తీసుకువెళ్ళి టేకు స్తంభం చూపించింది. వరద నీరు ఎంతవరకు వచ్చిందో గుర్తుగా కత్తితో పెట్టిన గాట్లు రెండున్నాయి. స్తంభానికి రంగు వేసినప్పుడల్లా ఆ రెండు గాట్ల చుట్టూ వేలెడు వెడల్పు వదిలేసి వేస్తూ వచ్చారు. అన్నేళ్ళ రంగు పొరల మధ్య ఆ రెండు చోట్లా పాత కర్ర కనబడుతూ ఉంది. నేను ఆ అరుగు మీద అంతకుముందు మూడుసార్లు కూర్చుని, ఆ స్తంభానికే ఆనుకుని, కాఫీ తాగి వచ్చాను.

కాబట్టి నోటి మాటను రాతతోనూ, రాతను స్తంభంతోనూ సరిపోల్చుకో. ధవళేశ్వరం దగ్గర 1986 ఆగస్టు 16న దాదాపు 35 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చిందన్నది రికార్డు. 2022 జూలైలో వచ్చినది దాదాపు 26 లక్షలు. ఈ అంకెలు నీ పుస్తకంలో ఉన్నాయి, కానీ ఊరికే ఉన్నాయి. ధవళేశ్వరంలో 10 లక్షలు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది ఇస్తారు. మొదటి హెచ్చరిక టీవీలో వచ్చేసరికే మీ కాజ్‌వే మునిగి ఉంటుందా, ఉండదా? రెండవదానికి ఎవరి వాకిలి, మూడవదానికి ఎవరి అటక? అంకెను ఇంటి గుమ్మం దాకా తీసుకువెళ్ళే పని రచయితది. జలవనరుల శాఖ చేయదు.

పాత కాగితాల సంగతి త్వరగా చెబుతాను, ఎందుకంటే నీకు వాటి మీద ఉత్సాహం ఎక్కువే ఉంది. హెన్రీ మోరిస్ 1878లో గోదావరి జిల్లా మీద రాసిన గ్రంథం, హెమింగ్‌వే 1907లో కూర్చిన గెజెటీరు, మెకంజీ దొర సేకరణలోని కైఫీయతులు అనే ఊళ్ళ చరిత్రలు, ఇవి చూడు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టించి 1852కి పూర్తిచేయించిన ఆనకట్టకు ముందరి డెల్టా వేరు, తరువాతి డెల్టా వేరు అన్నది మనసులో ఉంచుకుని చదువు. శిస్తు కోసం రాసిన కాగితం శిస్తు ఉన్నచోటునే చూస్తుందని మరిచిపోకు. అంతకంటే ముందు మాత్రం 1830లో మదరాసు నుంచి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర తీసి చదువు. ఏ ఊళ్ళో దిగినా దూరం, నీటి వసతి, దొరికే సామాను, మనుషుల తీరు వరుసగా రాసుకుంటూ పోతాడు. అద్భుతం, రమణీయం అనుకుంటూ ఆగిపోడు. మన భాషలో ప్రదేశం గురించి రాయడం అక్కడి నుంచి నేర్చుకోవచ్చు.

నేల గురించి నీవు రాసిన అధ్యాయం అన్నిటిలోకి బలహీనమైనది, అన్నిటిలోకి బలమైనది కాగలిగినది కూడా అదే. సముద్రదీవుల మీద రాసినవారికి ఒక సౌకర్యం ఉంది. కొండ నిన్న ఉన్నచోటే ఇవాళా ఉంటుంది. సెయింట్ కిల్డాలో పక్షి మాంసం ఎండబెట్టుకోవడానికి కట్టిన రాతి గూళ్ళు హిర్టాలోనే 1,200కు పైగా ఇవాళ్టికీ నిలిచి ఉన్నాయి. మీ లంకకు ఆ నిలకడ లేదు. ఎగువ కొస కోసుకుపోతుంది, దిగువన ఎక్కడో కొత్త మేట వేస్తుంది. మీ తాతగారు ఆడుకున్న చింతచెట్టు చోటు ఇప్పుడు ఏటి మధ్యన ఉంది, అంటే చెట్టు లేదు. కాకినాడ ఓడరేవుకు అడ్డుగోడలా నిలిచిన పదహారు కిలోమీటర్ల హోప్ ఐలాండు కూడా గడిచిన రెండు వందల ఏళ్ళలో గోదావరి తెచ్చి పోసిన ఇసుకే. రెవెన్యూవారికి ఈ సంగతి మనకంటే ముందే తెలుసు. లంక భూములను ఎ, బి, సి అని తరగతులు చేసి, కుదురుకోని సి తరగతి నేలను కౌలుకు మాత్రమే ఇస్తారు. ఒక ప్రభుత్వ కాగితం నేలకు వయసూ నమ్మకమూ కొలవడం ఎంత గొప్ప విషయమో చూడు! సర్వే నంబరు ఉండి నేల లేని రైతులు మీ ఊళ్ళోనే ఉంటారు. పాసుపుస్తకం ఇనప్పెట్టెలోంచి తీసి చూపిస్తారు. అటువంటి ఒక రైతుతో కలిసి కోత అంచుకు వెళ్ళి, తన పొలం ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉండేదో నీటి మీద చేయి చాపి చూపించమను. వేళ్ళు సగం గాలిలో వేలాడుతూ ఏటి మీదికి ఒరిగిన కొబ్బరిచెట్టును అప్పుడు వర్ణించు. ఆ చెట్టుకు ఇంకా దింపు తీస్తున్నారా, తీస్తే ఎవరు ఎక్కుతున్నారు అన్నది మరిచిపోకు.

మనుషుల గురించి ఒక్కటే మాట. "లంకలో అందరిదీ ఒకే కుటుంబం" అని రాశావు. సెయింట్ కిల్డా మీద కూడా ఇలాగే రాశారు. రోజూ పొద్దున్నే మగవాళ్ళంతా వీధిలో చేరి ఆ రోజు పని నిర్ణయించుకునేవారని, దాన్ని పార్లమెంటు అని మురిసిపోయారు. ఆ పార్లమెంటులో ఆడవాళ్ళకు చోటు లేదన్నది వాక్యం చివరన వస్తుంది. మీ లంకలో మెరక ఎవరిది, పల్లం ఎవరిది? నీరు ముందుగా ఏ పేటలోకి వస్తుంది, పునరావాస పడవ ముందుగా ఏ పేటకు వెళుతుంది? ఇది నీకు తెలుసు. తెలిసీ రాయలేదు. ఎందుకు రాయలేదో నాకూ తెలుసు, మా ఊరి గురించి నేనూ చాలాకాలం రాయలేదు.

చివరి అధ్యాయంలో, వరదలు పడలేక జనం ఒక్కొక్కరే ఒడ్డుకు వెళ్ళిపోతున్నారని, ఇంకొన్నేళ్ళలో లంక నిర్మానుష్యమవుతుందని రాశావు. బ్లాస్కెట్ 1953లో అలాగే ఖాళీ అయింది కనుక దీవుల పుస్తకాలకు ఇది అలవాటైన ముగింపు. దీనికి ఎదురు నడిచిన దీవి కూడా ఒకటుంది. దక్షిణ అట్లాంటిక్‌లో ట్రిస్టన్ ద కున్హా అనే దీవికి మనుషులున్న మరో నేల రెండు వేల నాలుగు వందల కిలోమీటర్ల దూరాన ఉంది. 1961లో అక్కడ అగ్నిపర్వతం పేలితే 264 మందిని ఇంగ్లండుకు తరలించారు. ఉద్యోగాలిచ్చారు, ఇళ్ళిచ్చారు. మరుసటి సంవత్సరం వెనక్కి వెళ్ళాలా వద్దా అని ఓటు వేయమంటే 148 మంది వెళ్ళాలనీ, అయిదుగురు వద్దనీ వేశారు. 1963లో తిరిగి వెళ్ళారు. ఇవాళ్టికీ ఉన్నారు. మీ లంకవాళ్ళు 1953లో వెళ్ళి తిరిగి వచ్చారు, 1986లో వెళ్ళి తిరిగి వచ్చారు, 1996 నవంబరు తుఫాను తోటలను నేలమట్టం చేశాక కూడా మళ్ళీ మొక్కలు పెట్టారు. ఎవరు వెళ్ళిపోయారో లెక్క రాశావు. వచ్చినవాళ్ళను కూడా లెక్కపెట్టి, ఎందుకు వచ్చారని వాళ్ళనే అడుగు. "ఒడ్డున గజం ఎంతో తెలుసా అమ్మా?" అని ఒకరంటారు. "ఇక్కడ కంద ఊరినట్టు ఇంకెక్కడా ఊరదు" అని ఇంకొకరంటారు. ఏది చెప్పినా అలాగే రాయి. దానికి మట్టి మీద మమకారం అని పేరు పెట్టకు.

రాతప్రతిని మీ ఊరి పాల క్యానుల కుర్రవాడికి ఇచ్చి పంపుతున్నాను. ప్లాస్టిక్ సంచిలో చుట్టి, పైన గోనె కుట్టించాను. ఎర్రనీరు ఇంకా దిగలేదు కదా, పంటు మీద తడిసే అవకాశం ఉంది. పుటల అంచుల్లో పెన్సిలుతో రాసినవి అన్నీ ఒప్పుకోనక్కర్లేదు. ఒప్పుకోనివాటికి కారణం నీలో నీవు చెప్పుకోగలిగితే చాలు. మొదటి పుట మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను. అది లేకుండా రెండో పుట నుంచి ఒకసారి చదివి చూడు.

వరద తీశాక, కార్తీకంలో, మీ అమ్మగారిని చూడటానికి నేనే వస్తాను. ఆమె చెప్పినది అప్పటికి కొంతైనా రాసుకుని ఉంచు. రేవులో మెట్లెన్నో కూడా లెక్కపెట్టి ఒక కార్డు ముక్క రాయి. అడుగుతున్నది నీ పుస్తకం కోసమే కాదు, నా మోకాళ్ళ సంగతి కూడా నేను చూసుకోవాలి.

ఇట్లు,
ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి.